బల్ల ఆదివారం

నెలలో మొదటి ఆదివారం, చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టే రసమూ ఇచ్చే రోజు, పొద్దున్నే. మొదటి గంట ఇంకా కొట్టలేదు. పేటలో ఎస్తేరమ్మ ఇంటి వసారా. వచ్చినాయన గమాలియేలు, సంఘపెద్ద, పేట పక్కనున్న కారం మిల్లు ఆయనదే.

“కూర్చోండి పెద్దగారూ. కుర్చీ తుడిచాను.”

“తుడిచావులే వదినా, చూశాను. మళ్లీ ఎర్రగానే ఉంది.”

“రాత్రి లేచిన దుమ్ము ఇంకా దిగుతానే ఉంది. కండువా పరుచుకుని కూర్చోండి. తెల్ల ప్యాంటు.”

“పర్లేదు, నించుంటా. నన్ను పెద్దగారూ అంటావేంటి? గమాలియేలూ అని నోరారా పిలిచేదానివి. మా అమ్మ కొట్టబోతే నీ వెనకే దాక్కునేవాణ్ణి.”

“అప్పుడు మిల్లు లేదుగా.”

“మళ్లీ మిల్లు దగ్గరికే వచ్చావు.”

“నేనెక్కడికొచ్చాను? నేను పెళ్లై వచ్చినకాణ్ణుంచీ ఈ ఇంట్లోనే ఉన్నా. మిల్లే నా దగ్గరికొచ్చింది.”

“సరే, సరే. బల్ల ఆదివారం పూట గొడవొద్దు. నేనెందుకొచ్చానో తెలుసుగా?”

“తెలీదు.”

“తెలుసు నీకు.”

“టీ తాగుతారా?”

“బల్ల తీసుకునేదాకా నీళ్లు కూడా ముట్టను. ఎరగవా?”

“పోయిన నెల మరి ఎప్పుడు తిన్నారు?”

“తినలేదు. పొద్దుగూకేదాకా తినలేదు. ఇంట్లో మీ చెల్లెలు అన్నం పెడితే కలుపుకుని అట్టే కూర్చున్నా. రొట్టె పళ్లెం చేతిలో ఉంది వదినా నువ్వు లేచేసరికి. పట్టుకున్న పళ్లెం కిందపెట్టి, అందరూ చూస్తుండగా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాను. మా నాన్న పట్టిన పళ్లెం అది.”

“నేను మటుకు తీసుకున్నానా? నేనూ కూర్చున్నాగా.”

“నిన్నెవరు లేవమన్నారు?”

“గుళ్లో పాస్టరు అయ్యగారు.”

“అయ్యగారు లేవమన్లేదు. అడిగారు.”

“ఏమని అడిగారు? ఎవరికైనా ఎవరిమీదైనా మనసులో ఏదన్నా ఉంటే లేచి నిలబడండి, ఇద్దరూ సమాధానపడి అప్పుడు బల్ల దగ్గరికి రండి అన్నారు. నాకుంది, మీ మీద. లేచాను.”

“ఆ మాట ప్రతి నెలా అంటారు. నేను పుట్టినప్పట్నుంచీ వింటున్నా. ఎవరన్నా లేచారా? గట్టు తగాదాలున్నవాళ్లు లేచారా? అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాటల్లేకుండా పక్కపక్కనే కూర్చుని రొట్టె తింటున్నారు, రసం తాగుతున్నారు. అది అడగడం వరకే వదినా. అడిగి, ఒక్క నిమిషం ఊరుకుని, పాట ఎత్తుకుంటారు.”

“ఆ ఒక్క నిమిషమే వచ్చింది చిక్కు. అందరూ ఊరుకునేసరికి నా ఒళ్లో పిల్ల పిల్లికూతలు వినపడ్డాయి. గుడంతా వినపడ్డాయి. లేవకుండా ఎట్టా ఉండమంటారు?”

“వినపడ్డాయిలే. నేనూ విన్నాను.”

“విన్నారా?”

“విన్నాను. ఎలా ఉంది ఇప్పుడు కెజియాకి?”

“తెల్లారగట్ల పడుకుంది. రాత్రంతా కూర్చునే ఉంది. పడుకోబెడితే ఊపిరి ఆడదు. వీపుకి దిండ్లు పెట్టి, నేను కాసేపు, వాళ్లమ్మ కాసేపు పట్టుకున్నాం.”

“నేను పంపించిన ఆవిరి మిషను వాడుతున్నారా?”

“వాడుతున్నాం. మంచిదే. మొహానికి పెట్టినంతసేపు బాగుంటుంది. తీశాక మీ గాలే పీల్చాలిగా.”

“మీ గాలి, మా గాలి ఏంటి వదినా?”

“డాక్టరమ్మ అన్నమాట చెబుతున్నా. ఘాటు లేని చోట ఉంచమంది. ఘాటు లేని చోటు మాకెక్కడుందమ్మా అంటే, అది మీరే చూసుకోవాలి అంది.”

“అదే మాట్లాడదామని వచ్చా. కొత్తపట్నం దగ్గర మనకి తెలిసినవాళ్ల హాస్టలుంది. ఆడపిల్లల హాస్టలు. సముద్రం గాలి. నేనొక మాట చెబితే చేర్చుకుంటారు. బట్టలూ పుస్తకాలూ, అన్నీ నావి.”

“దానికి ఆరేళ్లు.”

“ఆరేళ్ల పిల్లలున్నారక్కడ.”

“దిక్కులేని పిల్లలుంటారు. దీనికి తల్లుంది. అమ్మమ్మ నేనున్నా. ఇల్లుంది. ఇంటికి కిటికీ కూడా ఉంది. అది తెరవలేకపోతున్నాం, అంతేగా.”

“ఏం కట్టావు కిటికీకి?”

“గోనెపట్టా. తడిపి కడతాం. పొద్దున కట్టింది సాయంత్రానికి ఎండుమిరపకాయ రంగుకొస్తుంది. పేటలో కూరకి కారం కొనక్కర్లేదని మీరే అన్నారంటగా, నవ్వుతా?”

“ఎవరు చెప్పారు? ఏదో సరదాకి అన్నా.”

“నేనూ నవ్వాలెండి, విని.”

“వదినా, ఒక పని చేద్దాం. మా ఇంటి వెనక రేకుల గది ఖాళీగా ఉంది. మా వైపు గాలి బాగుంటుంది. సీజను అయిందాకా మీరు ముగ్గురూ అక్కడికొచ్చెయ్యండి. బంధువులేగా. ఎవరేమనుకుంటారు?”

“వస్తాం.”

“ఆఁ?”

“వస్తాం. ఎప్పుడు రమ్మంటారు? రేపు మిల్లు తిప్పకముందే సర్దుకుంటాం. మాకు పెద్ద సామానేం లేదు.”

“రేపే అంటే… మీ చెల్లెలితో ఒక మాట అనాలి. ఆ గదిలో పాత బీరువాలవీ ఉన్నాయి. కరెంటు కూడా సరిగా లేదనుకుంటా.”

“ఇందాక ఖాళీగా ఉందన్నారు.”

“ఖాళీయే. ఖాళీ అంటే… కనుక్కుని చెబుతా వదినా. రెండ్రోజులాగు.”

“అట్టాగే. మీరు కనుక్కోండి. నాకు గది అక్కర్లేదు పెద్దగారూ. మిల్లు దుమ్ము మా మీదికి తోసే ఆ ఫ్యాను వేరే వైపుకి తిప్పండి. నేనడిగింది ఆ ఒక్కటే.”

“ఎటు తిప్పను? నువ్వే చెప్పు. వెనక గోడౌను. ముందు తారు రోడ్డు, బస్సులూ బళ్లూ, స్కూలు పిల్లలూ. కళ్లల్లో కారం పడి ఎవడన్నా బండి కింద పడితే? ఇటు పేట. అటు…”

“అటు?”

“అటు మందిరం.”

“ముందు అటే ఉండేదిగా.”

“ఉండేది. తిప్పించాను.”

“ఎందుకు తిప్పించారు?”

“తెలిసీ అడుగుతావేంటి? ఉజ్జీవ కూటాలకి హైదరాబాదు నుంచి వచ్చిన దైవజనుడు వాక్యం చెప్పలేకపోయాడు. మైకులో ఆయన దగ్గే వినపడింది. ఆయన దగ్గితే అందరూ దగ్గారు. నవ్వారు కూడా కుర్రాళ్లు. తెల్లటి గోడలు, బల్లమీద గుడ్డ, అంతా ఎర్రటి పొర. సిగ్గుతో చచ్చిపోయాననుకో. దేవుని మందిరం మీద నా మిల్లు దుమ్ము! ఆ రాత్రి నిద్రపట్టలేదు నాకు. తెల్లారగానే మేస్త్రీ కోటేషుని పిలిచి, గోడ పగలగొట్టించి, ఇటు బిగించేశాను. అది పాపం అనిపించింది వదినా. ఒట్టు.”

“ఇటు బిగించాక నిద్రపట్టిందా?”

“పట్టింది.”

“మంచిది.”

“ఇటు ఏముందో నాకు ఆ పూట తట్టలేదు. అటునుంచి తీసెయ్యాలనే ఉంది మనసులో. నిజం చెబుతున్నా.”

“ఇటు మీరు పుట్టిన ఇల్లుంది. కప్పు పోయింది గానీ గోడలున్నాయి.”

“తెలుసులే.”

“మళ్లీ అటే తిప్పండి.”

“మందిరం వైపా?”

“ఆఁ. దేవుడికి ఆయాసం రాదుగా.”

“తప్పు! తప్పు వదినా, అట్లా మాట్లాడకూడదు.”

“తప్పేముంది ఇందులో? గుళ్లో మనుషులు ఎంతసేపుంటారు? ఆదివారం పూట ఎటూ మిల్లు తిరగదు. శుక్రవారం కూటం, ఆ కాసేపు ఆపుకోండి. మేం ఇక్కడ తింటాం, ఇక్కడే పడుకుంటాం. గోడలు ఎర్రబడితే సున్నం కొట్టుకోవచ్చు. పిల్ల లోపల ఎర్రబడింది, దానికేం కొట్టను?”

“ఇవాళ మందిరం గోపురానికి శంకుస్థాపన. గుంటూరు నుంచి పెద్దయ్యగారు వస్తున్నారు, చేతులుంచి ప్రార్థన చేస్తారు. రేపట్నుంచి పని మొదలు. ఆ గోపురం పక్కన మళ్లీ ఫ్యాను పెట్టమంటావా? తెల్లరాయి గోపురం.”

“తెల్లరాయా?”

“మా అమ్మ పేరుమీద. ఆమె పోయేముందు మంచం పక్కన మోకాళ్లూని దేవుడికి మాటిచ్చాను. లేదంటే నేను చూడలేదనుకున్నావా? దుమ్ము లాగేసే మిషను ఉంది. పెద్ద గొట్టాలు పెట్టి సంచుల్లోకి లాగుతుంది, బయటికి ఘాటే రాదు. వెళ్లి చూసొచ్చాను కూడా. కొనలేక కాదు. ఈ ఏడు మిగిలిందంతా గోపురానికని అనేసుకున్నా. వచ్చే ఏడు ఆ మిషను పెట్టించే పూచీ నాది.”

“వచ్చే ఏడు.”

“వచ్చే ఏడు. మాట.”

“దేవుడికిచ్చిన మాట ఈ ఏడు. నాకిచ్చే మాట వచ్చే ఏడు.”

“అట్లా పోల్చకు.”

“ఆయన్ని ఒక ఏడు ఆగమంటే కోప్పడతాడా పెద్దగారూ? ఆయన ఆగుతాడు. పిల్ల ఆగేటట్టు లేదు.”

“అపశకునం మాటలొద్దు. ఏం కాదు దానికి. సరే గానీ ఒకటి చెప్పు. ఈ మిల్లు నేనిక్కడెందుకు పెట్టాను? గుంటూరు యార్డు పక్కన స్థలం వచ్చింది. వద్దనుకున్నా. మన పేట ఆడవాళ్లు మిరపకోతలకి తెల్లారకముందే ట్రాక్టరెక్కి ఎక్కడెక్కడికో పోయేవాళ్లు. మా పిన్ని ఆ ట్రాక్టరు తిరగబడే పోయింది, నువ్వు చూశావుగా. నీడపట్టున కూర్చుని తొడిమలు తీసుకుంటారు, మధ్యాన్నం ఇంటికొచ్చి పిల్లలకింత అన్నం పెట్టుకుంటారు, అని పెట్టాను. దేవుడు నాకిచ్చింది నేనొక్కణ్ణే తినకూడదని పెట్టాను.”

“నేను కాదన్లేదు.”

“అందరూ గుళ్లో నిలబడి సాక్ష్యం చెప్పారు. నీ కూతురు అఖిల కూడా చెప్పింది, మిల్లు వచ్చాక మా ఇంట్లో పొయ్యి ఆరలేదని.”

“చెప్పింది. నేను చప్పట్లు కూడా కొట్టాను. మీరు మంచోళ్లు కాదని నేనెప్పుడన్నాను? చెడ్డోళ్లయితే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. మీతో అదే వచ్చింది చిక్కు.”

“అమ్మా, ఈ బిందె అందుకో. కుళాయి దగ్గర నన్ను కూడా… అయ్యో, పెద్దగారా! వందనాలండీ. చూళ్లేదు.”

“వందనాలమ్మా అఖిలా. అప్పుడే తయారైపోయావే?”

“కొంచెం ముందుగా వెళుతున్నామండీ. మిల్లు వాళ్లమంతా.”

“పాట ప్రాక్టీసా?”

“ఆఁ… అవునండీ. పాటే.”

“మంచిది. గట్టిగా పాడండి, పెద్దయ్యగారొస్తున్నారు. మిల్లు ఆడవాళ్లంటే ఏంటో తెలియాలి.”

“అట్టాగేనండీ. అమ్మా, పిల్లకి మందు పట్టావా?”

“లేచాక పడతాలే.”

“ఉందా సీసాలో?”

“ఇవాళ్టికుంది.”

“రేపు కూలి రాగానే తెస్తా. అమ్మా…”

“ఏంటి?”

“నువ్వు ఇంట్లోనే ఉండు ఇవాళ.”

“ఎందుకు?”

“పిల్లకి బాలేదుగా.”

“ఎత్తుకొస్తా. పోయిన నెల ఎత్తుకురాలా?”

“ఇవాళొద్దమ్మా.”

“వస్తానన్నాగా.”

“నువ్వొస్తే నేను… నావల్ల కాదమ్మా.”

“అవుతుంది. వెళ్లు. జడ వెనక ఊడింది, సరిచేసుకో. వెళ్లవే, వాళ్లు నీకోసం చూస్తా ఉంటారు.”

“వెళ్లొస్తానండీ పెద్దగారూ.”

“వెళ్లిరామ్మా. ఏంటి వదినా, కళ్లనీళ్లు పెట్టుకుందేంటి?”

“ఘాటుకి.”

“ఇవాళ మిల్లు లేదుగా.”

“నిన్నటిది ఉంటుందిగా.”

“మంచి పిల్ల. మొగుడు పోయినా పనికి ఒక్కరోజు నాగా పెట్టదు. ఇప్పుడది చెప్పిన మాట కూడా సబబే. నువ్వు ఇంటిపట్టునే ఉంటే మంచిదేమో ఇవాళ.”

“ఎవరికి మంచిది?”

“పిల్లకి. అయ్యగారితో నేను చెబుతాలే, ఎస్తేరమ్మకి ఒంట్లో బాలేదని.”

“నాకు బానే ఉంది.”

“అమ్మమ్మా…”

“అదుగో, లేపేశాం. రామ్మా, ఇటు రా. తాతకి వందనాలు చెప్పు.”

“వందనాలు తాతా.”

“వందనాలు, వందనాలు. రావే కెజియా. పెద్దదానివైపోయావే! ఇవాళ ఏ వారం చెప్పు?”

“ఆదివారం.”

“ఆదివారమంటే ఇష్టమేనా నీకు?”

“చాలా ఇష్టం.”

“చూశావా వదినా! ఎందుకమ్మా ఇష్టం? సండే స్కూలుకా? పాటలకా?”

“మిల్లు ఉండదుగా.”

“పెద్దగారూ, ఏమనుకోబాకండి. చిన్నపిల్ల.”

“ఏం లేదులే. ఇటు రామ్మా. ప్రార్థన చేస్తా నీకోసం. కళ్లు మూసుకో. వదినా, నువ్వు కూడా.”

“మూసుకున్నాం. చెయ్యండి.”

“ప్రేమగల తండ్రీ, నీకు వందనాలు. ఈ పసిబిడ్డని నీ చేతుల్లో పెడుతున్నాం. ఈ బిడ్డ పడే బాధ నువ్వు చూస్తున్నావు తండ్రీ. మా చేతుల్లో ఏమీ లేదు, అంతా నీ చేతుల్లోనే ఉంది. ఈ బిడ్డ ఊపిరికి అడ్డమైన ప్రతి ఒక్కదాన్నీ ఈ చోటు నుంచి…”

“చెప్పండి.”

“ఈ చోటు నుంచి…”

“ఆగారేంటి పెద్దగారూ?”

“ఆమెన్.”

“ఆమెన్. పోమ్మా, నీళ్లు తాగి, మొహం కడుక్కో. నీలం గౌను తీసిపెట్టా.”

“అమ్మమ్మా, తాత ఏడుస్తున్నాడా?”

“లేదులే. పో.”

“దుమ్ము పడింది కంట్లో.”

“తుడుచుకోండి. కండువాతో వద్దు, దానికీ ఉంటుంది.”

“వదినా, నన్నేం చెయ్యమంటావు? నువ్వు అనుకున్నంత తేలిక కాదు. గోపురానికి రాయి దిగింది. సంఘమంతా ఒప్పుకున్నారు. నేనిప్పుడు వెనక్కి తగ్గితే, సంఘపెద్ద దేవుడి దగ్గర మాట తప్పాడంటారు.”

“నా దగ్గర తప్పితే ఎవరూ ఏమీ అనరుగా.”

“నిన్ను తక్కువ చేసి కాదు.”

“తెలుసండీ. ఒకటడుగుతా, చెబుతారా? బుధవారం మిల్లులో ఆడవాళ్లని నిలబెట్టి ఏం చెప్పారు?”

“ఏం చెప్పాను?”

“చెప్పారుగా.”

“ఏదో కోపంలో అన్నాను. పోయిన నెల జరిగింది లోపల ఉడుకుతా ఉంది, ఇవాళ మళ్లీ బల్ల అని గుర్తొచ్చి నోరు జారాను.”

“ఏమని?”

“ఇక్కడ ఇబ్బందైతే మిల్లు యార్డు పక్కకి ఎత్తేస్తానన్నా. అన్నానంతే. ఎత్తుతానా?”

“నా పేరు చెప్పారా?”

“పేరు చెప్పలేదు. నాకామాత్రం తెలీదా?”

“మరి?”

“మీ పేటలో ఒకరికి ఇష్టం లేదు అన్నాను.”

“పేరు చెప్పినా బాగుండేది.”

“ఎందుకు, ఏమన్నా అన్నారా నిన్ను?”

“ఎవరూ ఏమీ అనలేదు. అదే. బుధవారం నుంచి నా వాకిట్లోకి ఎవరూ రాలేదు. కుళాయి దగ్గర నేను బిందె పెడితే పక్కకి జరుగుతున్నారు. ఇవాళ అఖిల వెళితే దాని బిందె కూడా జరిపినట్టున్నారు. వాళ్లనేమీ అనను. మిల్లు పోతే మళ్లీ ట్రాక్టరెక్కాలి. వాళ్ల పిల్లలకి దగ్గు లేదనుకున్నారా? ఉంది. మా పిల్లకి ఎక్కువుంది, అంతే తేడా.”

“నేను మాట్లాడతాలే వాళ్లతో.”

“ఏమని మాట్లాడతారు?”

“మిల్లు ఎక్కడికీ పోదని చెబుతా.”

“ఫ్యానో?”

“ఫ్యాను సంగతి చెప్పాగా, వచ్చే ఏడని.”

“ఆఁ, చెప్పారు.”

“ఏదన్నా అడుగు వదినా. నా చేతిలో ఉన్నది అడుగు. పిల్లని గుంటూరులో ఎంత పెద్ద డాక్టరుకైనా చూపిస్తా. నా కారులోనే పంపిస్తా. ఇంటి కప్పు మార్పిస్తా. బియ్యం పంపిస్తా. నువ్వు ఇవాళ ఒక్క పూట…”

“నేను లేవను.”

“ఏంటి?”

“ఇవాళ నేను లేవను. మీరొచ్చింది అందుకేగా? పొద్దుటినుంచీ ఆ మాట తప్ప అన్నీ మాట్లాడుతున్నారు. లేవను. నిశ్చింతగా వెళ్లండి.”

“నిజంగా?”

“నిజంగా.”

“ప్రభువుకి స్తోత్రం! నాకు తెలుసు వదినా నీ మనసు. ఈ మాట ముందే అనుంటే ఇంతసేపు ఇద్దరం… సరే, పోనీయ్. అయితే ఇక నా మీద నీ మనసులో ఏం లేదుగా?”

“ఉంది.”

“ఉంటే ఎట్లా? మనసులో పెట్టుకుని బల్ల తీసుకోకూడదు. నీకే మంచిది కాదు.”

“నేను తీసుకోను.”

“అదేంటి? నువ్వు లేవవు. నేను లేవను. ఎవరూ లేవకపోతే ఇద్దరం తీసుకోవచ్చుగా.”

“లేస్తారు.”

“ఎవరు లేస్తారు?”

“మీ మిల్లు వాళ్లు. అయ్యగారు అడగ్గానే, అందరూ ఒక్కసారి.”

“నా మీదా? నేనేం తక్కువ చేశాను వాళ్లకి? పెద్దయ్యగారి ముందా? వదినా, ఇది నువ్వు గానీ…”

“మీ మీద కాదు.”

“మరెవరి మీద?”

“నా మీద.”

“నీ మీదా?”

“ఎస్తేరమ్మ మీద మాకు మనసులో ఉంది అని చెబుతారంట. ఆమె మాటకీ మాకూ సంబంధం లేదు అని. వాళ్లు మీ వైపున్నట్టు మీకు కనపడాలిగా. కనపడితే మిల్లు ఎత్తరని. పాట ప్రాక్టీసు కాదు పెద్దగారూ అక్కడ.”

“నేను చెయ్యమన్లేదు. నాకసలు తెలీదు.”

“తెలుసు, మీకు తెలీదని. ఇప్పుడు తెలిసిందిగా. ఆపండి. గుడి దగ్గరే ఉంటారు అందరూ. వెళ్లి ఒక్క మాట చెప్పండి, మిల్లు ఎత్తను, ఫ్యాను తిప్పిస్తాను అని. ఎవరూ లేవరు. మీ పళ్లెం మీ చేతిలో ఉంటుంది. నాకూ ఒక ముక్క పెడుదురు గాని.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

“గంట కొడుతున్నారు వదినా.”

“రెండో గంటకి ఇంకా టైముందిగా.”

“పెద్దయ్యగారి కారు వచ్చుంటుంది. నేను ఎదురెళ్లాలి. దండ నా దగ్గరే ఉంది. ఈ పూటకి కానీయ్. ఎట్లాగో జరగనీయ్. రేపు కూర్చుని మాట్లాడుకుందాం.”

“అట్టాగే.”

“కోపం తెచ్చుకోకు.”

“లేదు. మీరు వెళ్లండి, ఆలస్యమవుతుంది. గోడకి ఆనుకున్నట్టున్నారు, తెల్ల ప్యాంటుకి వెనక అంటుకుంది, దులుపుకోండి.”

“పోయిందా?”

“పోలా. ఉతికితే గానీ పోదు.”

“వదినా, నా మాట విను. ఇవాళ రాబాకు. అంతమంది ఒక్కసారి నీ మీద లేస్తే చూడలేవు. అఖిల అందుకేగా పాపం, ఇంట్లో ఉండమని బతిమాలింది. నువ్వు లేకపోతే వాళ్లు మటుకు ఎవరి మీద లేస్తారు?”

“అందుకే వస్తున్నా. అందరికంటే ముందు లేచేది అఖిల. మిల్లులో దాని పని నిలబడాలని రాత్రి కూర్చోబెట్టి దాన్ని ఒప్పించింది నేనే.”